వికారాబాద్ పొమ్మని చెప్పే ముందు

కొత్తగా డాక్టరీ పూర్తిచేసిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, టీ గ్లాసు కిందపెట్టి, దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు. "మేడమ్, సొంత ఆసుపత్రి పెట్టుకుని మన రోగుల్ని మనమే అక్కడికి పంపుకుంటే తప్పా?"

ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పగలిగిన వయసు నాకూ ఉండేది. తప్పే అనేదాన్ని, గట్టిగా. ఇప్పుడు ఎవరైనా అడిగితే కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోతాను. ఎదుటివాళ్లు నాకు వినపడలేదేమో అనుకుని మళ్లీ అడుగుతారు. వినపడక కాదు. ఆ ప్రశ్న వినగానే నేను తాండూరు వెళ్లిపోతాను. అక్కడినుంచి తిరిగి రావడానికి కొంచెం సేపు పడుతుంది.

అందుకే ఇది రాస్తున్నాను. నా పోస్టింగులు, బదిలీలు, చివరి రోజున వేసిన శాలువా గురించి ఏమీ రాయను. అవి అందరికీ ఒకేలా జరుగుతాయి. ఒక మనిషి గురించి రాస్తాను. ఆయన నా పై అధికారి. ఇక్కడ ఆయన పేరు మాణిక్‌రావు అనుకుందాం.

నాపరాళ్ల ఊరు

1969లో లేడీ డాక్టరుగా తాండూరు సర్కారు దవాఖానకు వచ్చాను. మాది పరిగి వైపు ఊరు. అయినా తాండూరు అంతవరకు చూడలేదు. రైలు దిగగానే ముందు కనిపించింది తెలుపు. స్టేషను యార్డులో వ్యాగన్ల కోసం పేర్చిన నాపరాళ్లు, వాటి మీద పొడి, ఆ పొడి వేపాకుల మీద, ఎడ్ల వీపుల మీద, హమాలీల కనురెప్పల మీద. ఎవరో ఊరి మీద నిలబడి పిండి జల్లిస్తున్నట్టు ఉండేది. ఊరు దాటితే కంది చేలు. పూత కాలంలో సాయంత్రం పూట అటువైపు నడిస్తే తెల్లటి ఊరు వెనక్కి పోయి పచ్చటి వెలుగులోకి వెళ్తున్నట్టుండేది. ఆ మొదటి ఏడాదంతా నాకు సగం నిద్రలో చూసినట్టే గుర్తుంది.

దవాఖాన పొడవాటి పెంకుల కట్టడం. పొద్దున్నే వరండా నిండిపోయేది. గనుల్లో పనిచేసేవాళ్ల దగ్గు, తేలు కుట్టినవాళ్లు, కాన్పు దగ్గరపడినవాళ్లు. బషీరాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లు తెలుగులో మొదలుపెట్టి, నొప్పి చెప్పాల్సి వచ్చేసరికి కన్నడంలోకి జారుకునేవాళ్లు. నర్సు రూతమ్మకు తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ, నాలుగు భాషల్లోనూ నొప్పి అర్థమయ్యేది. ఆపరేషన్ గదికి తూర్పున నిలువెత్తు కిటికీ ఒకటి, బల్ల మీద వేలాడే దీపం ఒకటి. అంతే.

మాణిక్‌రావు గారు అప్పటికే అక్కడ సర్జన్. కోట్‌పల్లి దగ్గర భూములున్న కుటుంబం. పొడుగు మనిషి, ఎప్పుడూ మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా. ఆయన కోస్తుంటే చూడటం నాకు ఇష్టంగా ఉండేది. తొందర ఉండేది కాదు, ఆగడమూ ఉండేది కాదు. నేను కాలేజీలో నేర్చుకున్నది పుస్తకం. పని నేర్చుకున్నది ఆయన పక్కన నిలబడి.

మొదటి వారంలోనే నన్ను ఆపి చెప్పారు. "సుగుణమ్మా, ముందు చెయ్యి వెచ్చగ చేసుకో. సల్లటి చెయ్యి పెడితే కడుపు బిగుసుకుంటది. ఇగ అది చెప్పేదంత అబద్ధమే."

పై అధికారుల్లో రెండు రకాలుంటారని తర్వాత తెలిసింది. తప్పు జరిగితే మన పేరు చెప్పేవాళ్లు కొందరు, తమ పేరు చెప్పుకునేవాళ్లు కొందరు. ఆయన రెండో రకం. కొత్త డాక్టరుకు అంతకన్నా పెద్ద అదృష్టం ఉండదు.

మబ్బు పట్టిన మధ్యాహ్నం

ఒక వానాకాలం మధ్యాహ్నం కోట్‌పల్లి వైపు నుంచి ఒకామెను ఎడ్లబండిలో తెచ్చారు. కడుపులో గర్భం పగిలి రక్తం పోతోంది. మాణిక్‌రావు గారు కడుపు తెరిచారు. నేను ఎదురుగా నిలబడ్డాను. మబ్బులు కమ్మి కిటికీలో వెలుగు పోయింది. సరిగ్గా అప్పుడే ఊరికి కరెంటు పోయింది.

రూతమ్మ టార్చి పట్టుకుంది. ఆ గుండ్రటి వెలుగులో రక్తం తప్ప ఏమీ కనపడలేదు. ఆయన వేళ్లతో వెతుకుతూనే ఉన్నారు. "ఇంకొంచెం ఇటు, ఇంకొంచెం ఇటు" అంటున్నారు. కరెంటు తిరిగి వచ్చేసరికి ఆయన చేతులు ఆగిపోయి ఉన్నాయి. ఆమె వయసు నాకన్నా తక్కువ.

ఆ తర్వాత ఆయన పైవాళ్లకు ఎన్నిసార్లు చెప్పుకున్నారో నాకు తెలుసు. ఒక జనరేటరు ఇవ్వండి, ఒక మంచి దీపం ఇవ్వండి. వింటాం, చూస్తాం అనేవాళ్లు. చెడ్డవాళ్లేం కాదు. వాళ్లకూ పైవాళ్లు ఉండేవాళ్లు. కాలం గడిచింది. మబ్బు పట్టినప్పుడల్లా ఆయన వరండాలోకి వచ్చి ఆకాశం వైపు చూసేవారు. రైతులు చూసే చూపు కాదు అది.

ఒకరోజు నాతో అన్నారు. "ఇగ అడుగుడు బంద్ సుగుణమ్మా. నేనే కట్టుకుంట."

కొండ కింద కొత్త గదులు

కోట్‌పల్లి భూమిలో కొంత అమ్మి, రైలు దారిలో హైదరాబాదు వైపున్న వికారాబాద్‌లో ఆసుపత్రి కట్టారు. కాగితాల మీద అది ఆయన భార్యది. అప్పట్లో చాలామంది సర్కారు డాక్టర్లు అలాగే చేసేవాళ్లు, అందరికీ తెలిసే చేసేవాళ్లు. ఆయన తాండూరులో ఉద్యోగం చేస్తూనే సెలవు రోజుల్లో వికారాబాద్ వెళ్లేవారు.

ఆ ఆసుపత్రిని మొదటిసారి చూసిన పొద్దు నాకు బాగా గుర్తు. అనంతగిరి కొండల మీంచి మంచు కిందికి దిగి, కొత్త సున్నం వేసిన గోడల్ని తాకుతూ కదులుతోంది. కట్టడం ఎక్కడ అయిపోయిందో, మంచు ఎక్కడ మొదలైందో తెలియలేదు. లోపల తాండూరు నాపరాయి పరిచిన నేల, పాదాలకు చల్లగా. ఆపరేషన్ గదిలో ఆయన నన్ను నిలబెట్టి మీట నొక్కారు. వెలుగు పడింది. నీడలేని వెలుగు. ఆ తర్వాత ఊరి కరెంటు తీసేయించి మళ్లీ నొక్కారు. వెనక జనరేటరు గుర్రుమంది, దీపం మళ్లీ వెలిగింది. ఆయన ఆ వెలుగులో తన రెండు చేతులూ చాపి, ఇటూ అటూ తిప్పి చూసుకున్నారు. నేను ఆ చచ్చిపోయినామెను తలచుకున్నాను. ఆయనా ఆమెనే తలచుకున్నారని నాకు తెలుసు.

సొంత ఆసుపత్రి అనగానే డబ్బాశ అనే పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్తాను. అది ఆశలోంచి కట్టింది కాదు, దుఃఖంలోంచి కట్టింది. అక్కడ బతికినవాళ్లు తాండూరులో బతికేవాళ్లు కాదు. సొంతదారు డాక్టరైతే దీపం ఆగదు, సూది మొండిబారదు, నేల మీద మరక ఉండదు. అది నిజం. దాన్ని దాచిపెట్టి వాదిస్తే మన వాదం అక్కడే ఓడిపోతుంది.

బయటికి వస్తుంటే ఆయన అన్నారు, "నువ్వు గూడ రా. ఆడోళ్ల వార్డు నీది. నీకూ వాటా పెడ్త."

"ఆలోచించుకుంట సార్" అన్నాను. ఆలోచించుకోవడానికి నాకు ఎప్పటికీ తీరలేదు.

చూపు వంగిపోవడం

మొదట్లో ఆయన నిజంగా అవసరమున్నవాళ్లనే పంపారు. పెద్ద ఆపరేషన్లు, రక్తం కావలసినవి, రోజుల తరబడి కనిపెట్టుకుని ఉండాల్సినవి. నేనూ సంతోషంగా పంపాను. సెలవు రోజుల్లో వెళ్లి ఆయనకు సాయం నిలబడేదాన్ని కూడా.

తర్వాత ఏదో మారింది. ఎప్పుడు మారిందో చెప్పలేను. కొండ మీద మంచు ఎప్పుడు కరిగిందో చెప్పగలమా?

గనిలో పనిచేసే నర్సింలు అనే కుర్రవాడు కడుపునొప్పితో వచ్చాడు. నేను చూశాను. నులిపురుగుల నొప్పి అనిపించింది. మందిచ్చి మర్నాడు రమ్మందామనుకున్నాను. ఇంతలో మాణిక్‌రావు గారు వచ్చి, కడుపు మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం కిటికీ వైపు చూసి, "అపెండిక్స్. వికారాబాద్ పంపు" అన్నారు.

ఆ వారం సాయానికి నేనూ వికారాబాద్‌లోనే ఉన్నాను. బయటికి తీసిన అపెండిక్స్ సన్నగా, పాలిపోయి, ఏ జబ్బూ లేకుండా ఉంది. ఆయన దాన్ని వెలుగులో పట్టుకుని చూశారు. నేనూ చూశాను.

"కొన్నిసార్లు గిట్లనే ఉంటది" అన్నారు, గిన్నెలో వేస్తూ.

అదీ నిజమే. ఎంత మంచి సర్జనైనా అప్పుడప్పుడు మంచిదాన్ని తీస్తాడు. అనుమానముండి కోయకపోతే మనిషి పోతాడు, కోస్తే ఒక మచ్చ మిగులుతుంది. అందుకే ఈ సంగతి ఎవరూ ఎవరి మీదా రుజువు చెయ్యలేరు. నర్సింలు కోలుకుని మళ్లీ గనికి వెళ్లాడు. సారు ప్రాణం కాపాడాడని అందరికీ చెప్పుకున్నాడు.

కానీ ఆ తర్వాత అలాంటి కడుపునొప్పులు ఎక్కువయ్యాయి. తాండూరులోనే మేము చేసుకోగలిగిన కాన్పులు కూడా రైలెక్కడం మొదలైంది. నేను ఆయన ముఖం గమనించేదాన్ని. అబద్ధమాడే మనిషి ముఖం ఎలా ఉంటుందో డాక్టరుకు తెలుస్తుంది, రోజూ చూస్తాం కదా. ఆయన ముఖం అది కాదు. ఆయన నమ్మే చెప్తున్నారు. అక్కడ పరుపు పరిచిన మంచం ఖాళీగా ఉంది. ఇక్కడ ఒక మనిషి నొప్పితో మూలుగుతున్నాడు. ఆ మంచాన్నీ ఈ మనిషినీ ఆయన మనసు కలిపేస్తోంది, ఆయనకు తెలియకుండానే.

పిల్లలూ, ఈ వృత్తిలో నేను తెలుసుకున్న అన్నిటికన్నా భయపెట్టే విషయం ఇది. దొంగ డాక్టరును పట్టుకోవచ్చు. నిజాయితీ గల డాక్టరు చూపు మెల్లగా వంగిపోతే పట్టుకునేవాడు ఉండడు, ఆయనతో సహా.

బండి రాని పొద్దు

అది డెబ్బయ్యో దశకం చివర్లో ఒక ఆదివారం. మూడు రోజులుగా ఆగకుండా ముసురు. మాణిక్‌రావు గారు వికారాబాద్‌లో ఉన్నారు. బషీరాబాద్ దగ్గరి పల్లె నుంచి జుబేదా అనే పిల్లను తెచ్చారు. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగి ఒక చెయ్యి ముందుకొచ్చింది. వెంట భర్త, అత్త ఇమాంబీ. భర్త రాళ్ల పాలిషింగులో పనివాడు.

కడుపు కోసి బిడ్డను తీయాల్సిన కేసు. అలాంటివి వస్తే ఏం చెయ్యాలో మాణిక్‌రావు గారు ముందే చెప్పి ఉంచారు. వికారాబాద్ పంపాలి. స్టేషన్ మాస్టరు రైల్వే ఫోనులో అక్కడికి కబురు చేరవేశాడు. జవాబు వెంటనే వచ్చింది. ప్యాసింజర్‌లో ఎక్కించు, స్టేషన్‌లో నేనే ఉంటాను అని.

జుబేదాను స్ట్రెచర్ మీద ప్లాట్‌ఫారానికి మోసుకెళ్లాం. రూతమ్మ గొడుగు పట్టింది. యార్డులో నాపరాళ్లు తడిసి, తెలుపు పోయి, నీలంగా మెరుస్తున్నాయి. వాన పట్టాల మీద పడుతున్న చప్పుడు తప్ప లోకంలో ఇంకే చప్పుడూ లేదనిపించింది. నేను ఆ పిల్ల మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. నాడి పరుగెత్తుతోంది. కడుపు మీద చెవి పెడితే బిడ్డ గుండె ఎక్కడో దూరం నుంచి నడిచివస్తున్నట్టు వినిపిస్తోంది.

బండి రాలేదు. స్టేషన్ మాస్టరు తడుస్తూ వచ్చాడు. "డాక్టరమ్మా, బండి అటే ఆగింది. వాగుల నీళ్లు తగ్గాలె. ఎప్పుడొస్తదో నేనే చెప్పలేకపోతున్న."

ఇమాంబీ నా పక్కకు వచ్చి నేల మీదే కూర్చుంది. "అమ్మా, ఒక మాట అడుగుత. కోపం చెయ్యకు."

"అడుగమ్మా."

"గాడికే ఎందుకు పోవాలె? గీడ కత్తి లేదా?"

నేను ఆమె ముఖంలోకి చూశాను. వెటకారం లేదు. తెలుసుకుందామనే అడిగింది. నా దగ్గర చాలా జవాబులు ఉన్నాయి. దీపం సంగతి, కరెంటు సంగతి, ఆ చచ్చిపోయినామె సంగతి. కానీ ఆమె అడిగిన దానికి ఒకటే జవాబు.

"ఉన్నదమ్మా" అన్నాను.

అనగానే నా ఒళ్లంతా తేలికైపోయింది. తల ఎత్తి ఆకాశం చూశాను. ముసురే కానీ మబ్బు నల్లగా లేదు. ఇంకా పొద్దుటి పూటే. తూర్పు కిటికీలో వెలుగు ఉంటుంది.

"రూతమ్మా, లేవట్టండి. వెనక్కి పోదాం."

వికారాబాద్‌కు మళ్లీ కబురు చెయ్యాలని ఆ తొందరలో తోచనే లేదు. ఆ ఆపరేషన్ గురించి ఎక్కువ రాయను. మత్తు కోసం రూతమ్మ ఆ పిల్ల ముక్కు మీది గుడ్డపై ఈథర్ చుక్కలు వేసింది. కిటికీలోంచి వాన వెలుగు పలచగా, పాలలా పడింది. దీపం ఒకసారి ఆరింది, మళ్లీ వచ్చింది. నేను తలెత్తి చూడలేదు. బిడ్డను తీసినప్పుడు చప్పుడు లేదు. రూతమ్మ వీపు రుద్దింది, నోరు తుడిచింది, మళ్లీ రుద్దింది. ఆ తర్వాత సన్నటి ఏడుపు. ఆడపిల్ల.

సాయంత్రం బండికి మాణిక్‌రావు గారు వచ్చారు. తడిసి ముద్దయి ఉన్నారు. తిన్నగా వార్డు గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయారు.

"ఉన్నదా?"

"ఉన్నది సార్. ఇద్దరున్నరు."

ఆయన బెంచీ మీద కూర్చున్నారు. చొక్కా అంచుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. "పొద్దటిసంది ప్లాట్‌ఫారం మీదనే ఉన్న. ఇద్దరు మనుషులు, స్ట్రెచరు, దుప్పట్లు. బండొచ్చింది. డబ్బడబ్బ చూసిన. దిగలే. తొవ్వల్నే పోయిందనుకున్న."

ఆయన నా వైపు తిరిగారు. "నా మాట తీసేసినవ్ సుగుణమ్మా."

"తీసేసిన సార్."

"కరెంటు పోతే ఏం చేద్దువు?"

"పోయింది సార్, ఒకసారి. కిటికీ ఉన్నది గద."

లోపల పసిపిల్ల ఏడుస్తోంది, ఇమాంబీ ఏదో పాడుతోంది. ఆయన అటే చూస్తూ అన్నారు.

"గా కిటికీ కాడ నేను ఎన్ని కాన్పులు చేసిన! దీపం కొన్నంక కిటికీ మాటనే మర్చిపోయిన."

విచారణ

ఆ తర్వాత కొంతకాలానికి, సర్కారు డాక్టర్లు సొంత ఆసుపత్రులు పెట్టుకోవచ్చా, తమ దగ్గరికి వచ్చిన రోగుల్ని అక్కడికి పంపవచ్చా అని అభిప్రాయాలు అడగడానికి హైదరాబాదు నుంచి ముగ్గురు పెద్దలు వికారాబాద్ వచ్చారు. ప్రయాణికుల బంగళాలో కూర్చున్నారు. చుట్టుపక్కల డాక్టర్లందరం వెళ్లాం.

అవే వాదాలు. నిషేధిస్తే మంచి సర్జన్లు సర్కారు కొలువు వదిలిపోతారని ఒకరు. నిషేధించకపోతే సర్కారు ఆసుపత్రి సొంత ఆసుపత్రికి వాకిలిగా మారిపోతుందని ఇంకొకరు. ఆసుపత్రి ఎవరిదో రోగికి ముందే చెప్పేస్తే చాలదా అని మరొకరు.

నా వంతు వచ్చినప్పుడు ఆ చివరి మాటకే జవాబు చెప్పాను. చెప్పాలి, తప్పకుండా చెప్పాలి. కానీ చెప్పినంతమాత్రాన సరిపోదు. పంటి బిగువున నొప్పి భరిస్తున్న మనిషితో, ఆ ఆసుపత్రి నాదే, పోతావా లేదా నీ ఇష్టం అంటే వాడు ఏం చెయ్యగలడు? నా ముఖం చూసి తలూపుతాడు. ఇష్టం అనే మాట నిలబడగలిగిన వాడికే పనికొస్తుంది, పడుకున్నవాడికి కాదు. కాబట్టి పంపేవాడూ, సొంతదారూ ఒక్కడే కాకూడదు. ఆసుపత్రి కావాలంటే కొలువు వదలాలి. కొలువులోనే ఉండమంటే, సర్కారు దవాఖానలోనే ఒక మంచి దీపం ఇవ్వండి.

మాణిక్‌రావు గారి ముందే ఇదంతా చెప్పాను. ఆయన తలవంచుకుని వింటున్నారు.

ఆయన వంతు వచ్చింది. తన ఆసుపత్రి ఎందుకు కట్టాల్సి వచ్చిందో చెప్పారు. ఎవరెవరు బతికారో చెప్పారు. ఒక్క మాటా అతి లేదు. అందరూ కదిలిపోయారు. అప్పుడు ఆ ముగ్గురిలో పెద్దాయన, మర్యాదగానే, ఒక ప్రశ్న వేశాడు. "అవసరం లేకుండా ఎవరినైనా మీ ఆసుపత్రికి పంపారా డాక్టరు గారూ?"

లేదు అంటే సరిపోయేది. అక్కడ ఎవరూ కాదనేవాళ్లు కాదు. నేనూ అనేదాన్ని కాదు. బయట అనంతగిరి వైపు నుంచి గాలి వీచి, కిటికీ రెక్క మెల్లగా తెరుచుకుని మూసుకుంది. ఆయన దాన్నే చూస్తున్నారు.

"నాకు తెల్వది" అన్నారు. "పంపేటప్పుడు అవసరమనే అనుకున్న. ప్రతిసారి గట్లనే అనుకున్న. కానీ నా చెయ్యి నిజం చెప్తున్నదో, నా బిల్డింగు చెప్పిస్తున్నదో ఇప్పుడు నాకే తెలుస్తలేదు. గదే నాకు భయమైతున్నది."

ఎవరూ ఏమీ రాసుకోలేదు.

ఆ పెద్దల మాటలు ఎక్కడిదాకా వెళ్లాయో నాకు తెలియదు. తర్వాతి కాలంలో నిబంధనలు ఒకసారి బిగిశాయి, ఒకసారి సడలాయి. మాణిక్‌రావు గారు వాటికోసం ఆగలేదు. కొలువుకు రాజీనామా చేశారు.

వెళ్లే రోజున అడిగారు. "ఇప్పుడన్న వస్తవా నా దవాఖానకు?"

"నేను గూడ వస్తే తాండూరుల ఎవరుంటరు సార్?"

ఆయన నవ్వారు. ఎంతో కాలం తర్వాత చూసిన నవ్వు.

ఆ రాజీనామా తాండూరుకు మంచి చేసిందని చెప్పను. మంచి సర్జన్ పోయాడు. ఆయన చోట వచ్చినవాళ్లు వస్తూ పోతూ ఉన్నారు. కొన్ని ప్రాణాలు, ఆయన ఉంటే నిలిచేవి, నిలవలేదు. నేను వాదించిన నియమం సరైనదే, ఇప్పటికీ అదే వాదిస్తాను. కానీ దానికి మూల్యం ఎవరు చెల్లించారో నేను కళ్లారా చూశాను. నియమం గురించి మాట్లాడే ప్రతివాడూ అది కూడా చూసి మాట్లాడాలి. ఆ తర్వాత నేను నేర్చుకున్న పద్ధతి ఒకటే. పొమ్మని చెప్పే ముందు, ఆ ఆసుపత్రి నాకు గిట్టనివాడిదైనా అక్కడికే పంపుతానా అని నన్ను నేను అడగడం. అవునంటే పంపాను. ఆయన దగ్గరికే చాలామందిని పంపాను.

జనరల్ వార్డు

ఎనభైల్లో ఒక చలికాలం. మంచు ఎంత దట్టంగా ఉందంటే వరండాలో వరుసగా కూర్చున్న మనుషులు దగ్గరికొస్తే తప్ప ముఖాలు తెలియడం లేదు. నేను ఒక్కొక్కరినీ పిలుస్తున్నాను. గొంగడి కప్పుకున్న ఒక పెద్దమనిషి లేచి నడుం వంచి నడుస్తూ వచ్చాడు. మాణిక్‌రావు గారు.

"సార్! కబురు చేస్తే నేనే వస్తుంటి గద."

"నొప్పి సుగుణమ్మా. నిన్నటిసంది. మొదలు బొడ్డు కాడ ఉండె. ఇప్పుడు కుడిదిక్కు జరిగింది."

"మీ దవాఖానల సర్జన్లున్నరు గద సార్?"

ఆయన బల్ల మీద మెల్లగా పడుకుంటూ చెప్పారు. "ఇద్దరున్నరు. ఒకడు జల్ది కోద్దమంటడు, యజమానిని గనక. ఇంకోడు జర ఆగుదమంటడు, యజమానిని గనక. నా కడుపు చూసి చెప్తున్నది ఎవడో, నా మొహం చూసి చెప్తున్నది ఎవడో తెలుస్తలేదు. పొద్దటి బండెక్కిన."

పరీక్ష చేశాను. తొందరపడకుండా చేశాను. ఒళ్లు వెచ్చగా ఉంది. కుడివైపు తాకగానే ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. చేతులు కడుక్కుని వచ్చి పక్కన నిలబడ్డాను.

"కొయ్యాలె సార్. ఇయ్యాల్నే."

ఆయన ఎందుకు అని అడగలేదు. చేతి గడియారం విప్పి రూతమ్మకు ఇచ్చారు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంకొంచెం ఆలస్యమైతే అపెండిక్స్ లోపలే పగిలేది. ప్రత్యేకంగా గది ఏదీ లేదు కాబట్టి జనరల్ వార్డులోనే మంచం వేయించాను. మర్నాడు పొద్దున నేను రౌండ్లకు వెళ్లేసరికి కిటికీల్లో మంచు ఇంకా అలాగే ఉంది. వార్డంతా సగం నిద్రలో ఉంది. ఆయన కళ్లు మూసుకుని పడుకున్నారు. పక్క మంచం మీద ఒక ముసలాయన, గనుల్లో పనిచేసి వచ్చినవాడు, ఈయనెవరో తెలియక, కాలక్షేపానికి పలకరిస్తున్నాడు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"నీకేమైంది పెద్దమనిషీ?"

"కడుపునొప్పి."

"కోసిన్రా?"

"కోసిన్రు. డాక్టరమ్మ కొయ్యాలన్నది."

"అనంగనే నమ్మినవా?"

ఆయన కళ్లు తెరవలేదు. ముఖం మీద ఏ బరువూ లేదు.

"నమ్మిన" అన్నారు, అని మళ్లీ నిద్రపోయారు.